ట్రైలర్ ఊగకుండా నిలబెట్టాలంటే

తలకోన దగ్గర, కారు వెనక తగిలించుకుని వెళ్లి లోపలే పడుకునే మా ట్రైలర్‌ని మొదటిసారి నిలిపిన రాత్రి, ఎవరు పక్కకి ఒత్తిగిల్లినా బండంతా ఊగింది. పొద్దున చూస్తే, బండి మూలల్లో కిందికి దించి ఆనించే మూల జాకీలు నానిన మట్టిలో బెత్తెడు దిగబడి ఉన్నాయి.

కారు నుంచి విప్పకముందే రసమట్టం అడ్డంగా పెట్టండి. బుడగ జరిగిన వైపు ఎత్తు. రెండోవైపు చక్రాన్ని పలక మీదికి ఎక్కించాలి. చక్రాలకు ముందూ వెనకా చెక్కలు గట్టిగా అడ్డుపెట్టాకే కొక్కెం విప్పండి. బండి ముందువైపు ఉండే జాకీతో పొడవునా మట్టం సరిచేశాక, మూల జాకీల కింద వెడల్పాటి పలకలు వేసి, ఆని బిగిసేదాకా మాత్రమే తిప్పండి. వాటితో బండిని ఎత్తొద్దు, ఫ్రేమ్ వంగుతుంది. అవి ఊపు ఆపడానికే.

టైర్లలో గాలి బండి కదలకముందే చూడాలి. మా తిరుపతికి అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనాల వానలు. సెప్టెంబరులోనే పైకప్పు అతుకుల సీలెంట్‌ని వేలితో తడిమి, పగుళ్లుంటే పూడ్చేయండి.