చేత్తో ఉత్తరం – 3వ పాఠం: థాంక్స్ అనకుండా చెప్పడం

కిందటి పాఠంలో గీతల కాగితం అడుగున పెట్టుకుని, తెల్లకాగితం మీద వరస తప్పకుండా రాయడం సాధన చేశాం. చెయ్యి కాస్త కుదిరింది కనుక ఇవాళ అసలు పనిలోకి దిగుదాం: మేలు చేసినవాళ్ళకి నాలుగు ముక్కలు రాయడం.

మనకిక్కడ ఒక చిక్కుంది. సొంతవాళ్ళకి థాంక్స్ చెబితే "ఏంటే, పరాయిదాన్నయిపోయానా?" అంటారు. పోనీ ధన్యవాదాలు అందామంటే సన్మానసభలో వందన సమర్పణలా ఉంటుంది. అందుకే చాలామంది ఫోన్లో చేతులు జోడించిన బొమ్మ పంపి ఊరుకుంటారు. ఆ మాట పక్కన పెట్టి జరిగింది రాయండి, చిక్కు దానంతటదే విడిపోతుంది.

ఒక పాత ఉత్తరం చూడండి. రాజమండ్రిలో రత్నం గారు తయారుచేసిన స్వదేశీ పెన్ను గాంధీకి చేరింది. 1935 జులైలో గాంధీ ఆయనకి జవాబు రాశాడు. కుమారప్ప (గ్రామ పరిశ్రమల పనిలో గాంధీ సహచరుడు) ద్వారా మీరు పంపిన పెన్నుకి కృతజ్ఞతలు, వాడి చూశాను, బజారులో దొరికే విదేశీ పెన్నులకి బదులు పనికొచ్చేలాగే ఉంది అని దాని సారాంశం. అద్భుతం, అమోఘం అనలేదు. వాడాను అన్నాడు. పెన్ను చేసినవాడికి ఇంకేం కావాలి?

ఇప్పుడు నా చీటీ చూడండి. అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు పక్కింటి పిన్నిగారు రోజూ క్యారేజీ పంపారు. మొదట నేను రాసింది ఇది: "మీ సహాయానికి హృదయపూర్వక ధన్యవాదాలు. మీ మేలు జన్మలో మరవలేను." ఇది ఎవరికైనా పంపొచ్చు, బ్యాంకు మేనేజరుకి కూడా. చింపేశాను. తర్వాత రాసింది:

"పిన్నిగారికి నమస్కారాలు. పదకొండు రోజులు చారన్నం పంపారు. మూడో రోజు నుంచి మిరియాల ఘాటు తగ్గింది. అమ్మకి దగ్గొస్తోందని మీకెవరు చెప్పారో నాకిప్పటికీ తెలీదు. ఆ రోజే అమ్మ మొదటిసారి గిన్నె ఖాళీ చేసింది. క్యారేజీ పంపుతున్నాను. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదంటుంది కదా అమ్మ, అడుగున నాలుగు అరిసెలున్నాయి."

ధన్యవాదాలు ఎక్కడా లేదు. మిరియాలున్నాయి. రాసేముందు మీరూ అలాంటిదొకటి వెతకండి: వాళ్ళు చేసినదాంట్లో మీరు తప్ప ఇంకెవరూ గమనించని చిన్న సంగతి. అది దొరక్కపోతే ఆ రోజు కలం ముట్టుకోకండి. అది దొరికాక మిగతాదంతా అయిదు నిమిషాల పని.

పైన "క్షేమం, ఉభయకుశలోపరి" వద్దు. నాకిష్టమే గానీ, ఇంత చిన్న చీటీకి అంత పెద్ద గుమ్మం ఎందుకు? చివర్లో కొత్త సాయం అడగడం అసలే వద్దు, అప్పటిదాకా రాసినదంతా దానికోసమే అనిపిస్తుంది. చిత్తు వేరే కాగితం మీద రాసుకోండి. సాపు రాసేటప్పుడు ఒక మాట తప్పు పడితే అడ్డంగా ఒక గీత గీసి ముందుకెళ్ళండి. వైట్‌నర్ పూయకండి, అది ఆఫీసు కాగితాల సంగతి. జెల్ పెన్నయితే ఆరకముందే మడిచారంటే అక్షరాలు అవతలి మడతకి అంటుకుంటాయి.

ఈ వారం అభ్యాసం: ఒకరికి, ఆరు వాక్యాలు మించకుండా. పోస్టులో వెయ్యకుండా దాచండి. చిరునామా ఎక్కడ మొదలుపెట్టాలో, పిన్‌కోడ్ ఆరంకెలూ గడుల్లో ఎలా పడాలో వచ్చే పాఠంలో చూద్దాం. పక్కింటికే అయితే ఆగక్కర్లేదు, ఇవాళే ఇచ్చి రండి. అరిసెలు మీ ఇష్టం.