లంగరేసిన సాధనాలతో తీర సముద్రం - 3వ పాఠం: ఎంతసేపటికోసారి కొలవాలి?

కిందటి పాఠంలో తాడుకు అడుగున లంగరు, పైన తేలే బోయ, మధ్యలో ఉష్ణోగ్రత సెన్సర్లు కట్టాం. నీళ్లలోకి దించేముందు ఒక్క సంఖ్య తేల్చుకోవాలి. రీడింగుకూ రీడింగుకూ మధ్య ఎంత ఎడం ఉండాలి?

బ్యాటరీ ఆదా అవుతుంది, రోజుకొక రీడింగు చాలదా అని కొత్తవాళ్లు అడుగుతారు. చాలదు. ఎందుకో నిదానంగా చూద్దాం.

చాలా తీరాల్లో పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది. రెండు పోట్ల మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. ఇవాళ ఉదయం 6 గంటలకు వచ్చిన పోటు రేపు 6:50కి వస్తుంది, ఎల్లుండి 7:40కి. మన సెన్సర్ మాత్రం రోజూ 6 గంటలకే కళ్లు తెరుస్తుంది. మొదటిరోజు దానికి నిండు పోటు కనిపించింది. వారం దాటేసరికి అదే 6 గంటలకు పాటు, అంటే నీరు దిగిపోయిన స్థితి, కనిపిస్తుంది. 15 రోజులయ్యేసరికి మళ్లీ పోటు. గీత గీసి చూస్తే దాదాపు 14.8 రోజుల తీరుబడి అల ఒకటి తేలుతుంది. సముద్రంలో అలాంటి అల లేదు, మన కొలత పుట్టించింది!

ఇంకా ప్రమాదమేమిటంటే, అమావాస్య, పున్నమి పోట్ల చక్రమూ దాదాపు 14.8 రోజులే. అందుకే ఈ దొంగ అలను చూసి "ఆహా, పున్నమి ప్రభావం" అని నమ్మేస్తాం. ఒకసారి అలా రికార్డయ్యాక, ఆ గీత ఒక్కటే చేతిలో ఉంటే ఏ లెక్కతోనూ అసలునూ నకిలీనీ విడదీయలేం.

కాగితం మీద మీరే చేయండి. 12 గంటల 25 నిమిషాలకోసారి లేచిపడే గీతను 15 రోజుల పొడవునా గీసి, 24 గంటలకోసారి చుక్క పెట్టి, చుక్కల్ని కలపండి. తర్వాత గంటకో చుక్కతో ఇంకో కాగితం మీద అదే చేయండి.

ఉష్ణోగ్రతకు, లవణీయతకు 10 నిమిషాల ఎడంతో మొదలుపెట్టమంటాను. రోజుకు 144 రీడింగులు, 180 రోజులకు 25,920. మెమరీకి ఇదొక బరువు కాదు. బ్యాటరీ అన్నాళ్లు రాదనిపిస్తే ఎడం పెంచకండి, సాధనాన్ని ముందుగా పైకి తీయండి.

నీటిమట్టం కోసం పెట్టే పీడన సెన్సర్ సంగతి వేరు. కొన్ని సెకన్లకోసారి దానిమీదుగా అలలు పోతుంటాయి. ఒకే క్షణం కొలిస్తే అల శిఖరమో, పల్లమో చిక్కుతుంది. సెకనుకొకటి చొప్పున కొన్ని నిమిషాలు కొలిచి సగటు తీయాలి. అలలే కావాలంటే సగటు తీయకుండా ప్రతి రీడింగూ దాచుకోవాలి.

ఆ రెండు కాగితాలూ పారేయకండి. నాచు, నత్తగుల్లలు పట్టిన సెన్సర్ ఎలా దారితప్పుతుందో 4వ పాఠంలో వాటిమీదే గీస్తాం.