సొంతంగా ప్రోగ్రామింగ్ - 2వ పాఠం: ఏ భాషతో మొదలుపెట్టాలి?

ప్రోగ్రామింగ్ వస్తే ముందుగా ఏం తయారు చేస్తారో ఒక్క వాక్యంలో రాసుకోమని పోయిన పాఠంలో చెప్పాను. ఆ కాగితం ముందు పెట్టుకోండి. "ఐటీ ఉద్యోగం కావాలి" అని రాసుకున్నవాళ్లు కాస్త ఆగండి, మీ సంగతి చివర్లో చూద్దాం.

అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర నిలబడి తలెత్తితే బోర్డు బోర్డుకీ ఓ కోర్సు పేరు. దేనికి డిమాండ్ ఉందని అడిగితే అన్నీ జవాబులే. అడగాల్సింది వేరు: మీ ప్రోగ్రాం ఎక్కడ నడవాలి? అది తేలితే చాలావరకు భాషా తేలిపోతుంది.

బ్రౌజర్లో నడవాలంటే జావాస్క్రిప్ట్, తర్జనభర్జన అక్కర్లేదు. ఐఫోన్‌కైతే స్విఫ్ట్, కానీ యాప్ తయారీకి వాడే సాఫ్ట్‌వేర్ ఎక్స్‌కోడ్ మ్యాక్ మీదే నడుస్తుంది కాబట్టి ముందు జేబు తడుముకోండి. ఆండ్రాయిడ్‌కి 2019 నుంచి గూగుల్ పెద్దపీట వేస్తున్నది కోట్లిన్‌కి. 8 జీబీ ర్యామ్ కూడా లేని ల్యాప్‌టాప్‌లో మాత్రం ఆ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియోది నత్తనడకే. ట్యాంకు నిండగానే మోటారు దానంతటదే ఆగాలా? అలాంటి పనులకు వాడే చిన్న సర్క్యూట్ బోర్డు ఆర్డుయినో ఊనో ఆర్3లో ఉన్న ర్యామ్ 2 కిలోబైట్లు. మామూలు పైథాన్ అందులో పట్టదు, సి++ నేర్చుకోవాల్సిందే.

ఇప్పుడు ఒక వాక్యం తీసుకుందాం: "మా కిరాణా కొట్టు అప్పుల ఖాతా కంప్యూటర్లోకి ఎక్కించాలి." కొట్లో ల్యాప్‌టాప్ ఉంది, వాడేది ఒక్కరే. నేనైతే పైథాన్ అంటాను. లెక్కలు దాచుకోవడానికి ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌ని వాడే ఏర్పాటు దానితోపాటే వస్తుంది, వేరే ఏమీ కొననక్కర్లేదు. ఇంకో కారణం మీరే చూడండి. కంప్యూటర్లో క్రోమ్ తెరిచి ఎఫ్12 నొక్కి, కన్సోల్ అన్నచోట కోట్స్ మధ్య 150 కొట్టండి, ప్లస్ పెట్టండి, కోట్స్ లేకుండా 50 కొట్టి ఎంటర్ నొక్కండి. 200 రాదు, 15050 వస్తుంది! కోట్స్‌లో ఉన్నదాన్ని జావాస్క్రిప్ట్ అంకెగా కాక అక్షరాలుగా తీసుకుంది, 50ని కూడా అక్షరాలుగా మార్చి దాని పక్కన అతికించింది. ఫారంలో మనం టైప్ చేసే బాకీ కూడా ప్రోగ్రాంకి ఇలా అక్షరాలుగానే అందుతుంది. అంటే నూటయాభై బాకీ ఉన్న మనిషి ఇంకో యాభై సరుకు తీసుకెళ్తే ఖాతాలో పదిహేను వేల యాభై. పైథాన్‌లో ఇదే చేస్తే ఎర్రర్ చూపించి అక్కడే ఆగిపోతుంది. కొత్తవాళ్లకు ఎర్రర్ అంటే భయం గానీ, నోరు మెదపకుండా తప్పు లెక్క చెప్పడం కంటే అది నయం కదా.

అలాగని జావాస్క్రిప్ట్‌ని తక్కువ చేయడం లేదు. అదే ఖాతా బ్రౌజర్లో కనబడాలంటే మళ్లీ దాని దగ్గరికే పోవాలి. అయితే రెండూ ఒకేసారి పెట్టుకోవద్దు.

ఇక ఉద్యోగం. జావా, పైథాన్‌లలో ఏదో ఒకటి పట్టుకుని ఆర్నెల్లు వదలకండి. ఇంటర్వ్యూలో ఇచ్చిన లెక్కను ఎలా విడగొట్టారన్నది చూస్తారు, అది ఒక్క భాషలో చేయగలిగితే రెండోది తొందరగానే వస్తుంది. దాంతోపాటు డేటాబేస్ నుంచి కావాల్సిన వివరాలు రప్పించే భాష ఎస్‌క్యూఎల్ తప్పనిసరి. 1970ల్లో ఐబీఎంలో పుట్టినా, ఈరోజుకీ బ్యాంకు లెక్కల నుంచి రైలు టికెట్ల దాకా డేటా ఉన్న ప్రతిచోటా అక్కరకొచ్చేదే. కొత్త మోజుల్లో పడి దీన్ని పక్కన పెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఈ వారం పని: మీ వాక్యం కింద ప్రోగ్రాం నడిచే చోటు, దానికి సరిపడే భాష రాయండి. దాన్ని ఇన్‌స్టాల్ చేసుకుని, 150ని 4తో భాగించి ఏమొస్తుందో చూడండి. పైథాన్‌లో 37.5, జావాలో 37 వస్తాయి. ఆ అర్ధ రూపాయి ఎటు పోయిందో వచ్చే పాఠంలో తేలుద్దాం.