పాత శాట్‌నావ్ పాఠాలు – 4: ఈ ఫిక్స్‌ను చార్టు మీద పెట్టొచ్చా?

ప్లాట్‌ఫాం మీద నిలబడితే రైలు కూత మారినట్టు, ట్రాన్సిట్ (ఓడలకు తామెక్కడున్నాయో తెలిపిన పాత అమెరికా వ్యవస్థ) ఉపగ్రహం వస్తూ పోతూ ఉంటే దాని 400 మెగాహెర్ట్జ్ సిగ్నల్ ఎలా మారుతుందో పోయిన పాఠంలో చూశాం. ఆ మార్పును బట్టే రిసీవర్ ఓడ ఉన్నచోటి అక్షాంశ రేఖాంశాలు లెక్కగడుతుంది; అలా తేలిన స్థానమే ఫిక్స్. ఈ సేవ 1996 డిసెంబర్ 31తో ఆగిపోయింది కాబట్టి మన సాధన కాగితం మీదే.

భూమధ్యరేఖ దగ్గర ఒక్కోసారి గంటన్నర దాటినా కొత్త ఫిక్స్ రాదు. అంతసేపు ఆగాక తెర మీద అంకెలు కనిపిస్తే వెంటనే పెన్సిల్ అందుకోవాలనిపిస్తుంది. ఆగండి. ముందు ఎలివేషన్, అంటే దిగంతం నుంచి ఉపగ్రహం ఎన్ని డిగ్రీలు పైకెక్కిందో చూడండి. ఆ పాస్‌లో (ఉపగ్రహం ఒకసారి మన ఆకాశం దాటిపోవడమే పాస్) అది 15 నుంచి 75 డిగ్రీల మధ్య ఎత్తుకు ఎక్కి ఉంటే మంచిది. 15 కన్నా తక్కువైతే సిగ్నల్ గాలిపొరల్లో ఎక్కువ దూరం వంగుతూ వస్తుంది, కొలతలూ తక్కువే దొరుకుతాయి. సరిగ్గా నెత్తి మీదుగా పోతే ఇంకా మేలు కదా అనుకుంటాం. కాదు. ఈ ఉపగ్రహాలు ధ్రువాల మీదుగా తిరుగుతాయి. నెత్తి మీద పోయినప్పుడు ఓడ దాని దారికి తూర్పున ఉందా, పడమర ఉందా అన్నది సిగ్నల్‌ను బట్టి తేలదు. అక్షాంశం బాగానే వస్తుంది, రేఖాంశం మాత్రం చెడుతుంది.

రెండోది వేగం. నాకైతే ఎక్కువ ఫిక్స్‌లను పాడుచేసేది ఇదే అనిపిస్తుంది. ఒక పాస్ 10 నుంచి 18 నిమిషాలు. అంతసేపూ ఓడ నడుస్తూనే ఉంటుంది, అది ఎటు ఎంత జరిగిందో రిసీవర్‌కు మనమే చెప్పాలి. 1 నాట్ (గంటకు ఒక నాటికల్ మైలు) తప్పు చెబితే ఫిక్స్ సుమారు 0.2 నాటికల్ మైలు, అంటే 370 మీటర్లు పక్కకు పోతుంది. ఉత్తర దక్షిణ దిశల్లో వచ్చే తప్పు మరీ చెరుపు.

ఓడ ఉత్తరానికి పోతోంది, లాగ్ (ఓడ వేగం కొలిచే సాధనం) 12 నాట్లు చూపిస్తోంది అనుకోండి. ఎదురుగా 2 నాట్ల ప్రవాహం ఉంది. లాగ్ నీళ్ల మీద వేగమే చూపిస్తుంది కాబట్టి ఆ ప్రవాహం సంగతి దానికి తెలీదు. నేల లెక్కన వేగం 10 నాట్లే. తేడా 2 నాట్లు, కాబట్టి ఫిక్స్ దాదాపు 740 మీటర్లు తప్పుతుంది, అదీ ఎక్కువగా తూర్పు పడమరల్లో.

రిసీవర్‌కు యాంటెన్నా ఎత్తు కూడా మనమే ఇవ్వాలి, అక్కడా ఒక మెలిక ఉంది. లెక్కల్లో వాడే నున్నటి భూగోళం కన్నా శ్రీలంకకు దక్షిణాన సముద్రమట్టం సుమారు 100 మీటర్లు కిందికి ఉంటుంది. అక్కడ యాంటెన్నా సముద్రానికి ఎంత ఎత్తున ఉందో ఒక్కటే ఇస్తే సరిపోదు.

అభ్యాసం: మూడు పాస్‌లు, ఎలివేషన్ 11, 42, 81 డిగ్రీలు. ఏది చార్టు మీద పెడతారు? ఆ పాస్‌లో ఉత్తరానికి పారే 1.5 నాట్ల ప్రవాహాన్ని మరిచిపోతే ఎన్ని మీటర్ల తప్పు వస్తుంది?