తొలకరికి ముందే గుట్ట వాలు కొలవండి: క్యాబిన్ ట్రాక్టరు కొనేవారికి, నడిపేవారికి

మా తోట మదనపల్లె వైపు ఒక గుట్ట వాలులో ఉంది. తోతాపురి మామిడి. కాయ కోతకొచ్చేది జూన్‌లో, తొలకరి పడేదీ అప్పుడే. ఏడాది మొత్తంలో అతి బరువైన ట్రాలీ కిందికి దిగే రోజుల్లోనే దారి అతి జారుడుగా ఉంటుంది. ఎండాకాలమంతా బిగుసుకుపోయిన ఎర్రనేలలోకి మొదటి వాన వెంటనే ఇంకదు. పైన వేలెడు మందం మట్టి మెత్తబడుతుంది, అడుగున నేల బండలా ఉంటుంది. ఆ రెంటి మధ్య టైరుకు పట్టు దొరకదు. అందుకే కొత్త ట్రాక్టరు కొనేవారైనా, ఉన్నదాన్ని గుట్ట ఎక్కించేవారైనా మే నెలలోనే ఈ పని మొదలుపెట్టాలి.

మొదటి పని వాలు కొలవడం. మీటరు పొడవున్న బద్ద మీద రసమట్టం పెట్టి, పై కొనను నేలకు ఆనించి బద్దను సమంగా పట్టుకోండి. కింది కొనకూ నేలకూ మధ్య ఎంత ఖాళీ ఉందో టేపుతో చూడండి. 20 సెంటీమీటర్లుంటే 20 శాతం వాలు, అంటే సుమారు 11 డిగ్రీలు. 27 ఉంటే 15 డిగ్రీలు. తోటలో మీకు భయం పుట్టించే చోట్లన్నిటా ఇలా కొలిచి రాసుకోండి. డీలరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఎకరాల లెక్క కంటే ఈ లెక్క ముఖ్యం. మధ్యరకం ట్రాక్టరు, 45 నుంచి 55 హెచ్‌పీ, మా వంటి తోటలకు సరిపోతుంది. ఇంకో ఐదు హెచ్‌పీ కోసం బేరమాడేవారు బ్రేకుల గురించి ఒక్క ప్రశ్న కూడా అడగకపోవడం చూస్తే నాకు బాధేస్తుంది. హెచ్‌పీ పైకి ఎక్కిస్తుంది. క్షేమంగా దింపేవి బరువు, గేర్లు, బ్రేకులు.

ట్రాక్టరు నాలుగు చక్రాల బండే అయినా వాలులో మూడు చక్రాల ఆటోలా ప్రవర్తిస్తుంది. ముందు యాక్సిల్ మధ్యలో ఒక్క పిన్ను మీద ఊగుతుంది కాబట్టి, ఒరిగే మొదట్లో ముందు చక్రాలు పక్కకు ఏ ఆసరా ఇవ్వవు. ఆ యాక్సిల్ తన అంచు దాకా ఊగి ఆగేసరికి చాలాసార్లు చెయ్యి దాటిపోతుంది. ఎగువ చక్రం ఒక రాయి ఎక్కినా, దిగువ చక్రం పాత పాదులోకి దిగినా, మీరు కొలిచిన 11 డిగ్రీలు ఆ క్షణానికి 18 అవుతాయి. దిగువ టైరులో గాలి తక్కువైతే ఇంకొంచెం ఒరుగుతుంది. వేగం రెట్టింపైతే మలుపులో బయటికి నెట్టే బలం నాలుగింతలవుతుంది. కాబట్టి వాలుకు అడ్డంగా దున్నేటప్పుడు మలుపు ఎగువకు కాకుండా దిగువకు, అదీ నెమ్మదిగా తిప్పాలి. గొర్రును నేలకు దగ్గరగా ఉంచాలి.

కొనేటప్పుడు వెనక చక్రాల మధ్య దూరం ఎంతవరకు పెంచవచ్చో అడగండి. రిమ్ము మధ్యలోని ఇనుప పళ్లాలను (డిస్కులను) తిప్పి బిగిస్తే కొన్ని అంగుళాలు పెరుగుతుంది. ఆ కొన్ని అంగుళాలే ప్రాణాలు కాపాడవచ్చు. టైర్లలో ముప్పావు వంతు నీరు నింపితే బరువు కిందనే ఉంటుంది. ఫోర్ వీల్ డ్రైవ్ గురించి బురదలో లాగడానికే అనుకుంటారు. చాలా ట్రాక్టర్లలో బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. దిగేటప్పుడు ఫోర్ వీల్ వేస్తే ముందు చక్రాలు కూడా బండిని ఆపుతాయి. గుట్ట భూమికి ఇది విలాసం కాదు.

ఇక క్యాబిన్. అమ్మేవారు ఏసీ చూపిస్తారు, పాటల పెట్టె చూపిస్తారు. మీరు లోపలి చట్రానికి తగిలించిన పరీక్ష వివరాల పట్టీ (ప్లేటు) చూపించమని అడగండి. బోల్తా పడినా నలగని చట్రమని పరీక్షలో తేలిన క్యాబిన్‌కు ఏ ప్రమాణం ప్రకారం, ఏ మోడల్‌కు పరీక్షించారో ఆ పట్టీ మీద ఉంటుంది. ఊళ్లో వెల్డింగు షాపులో చేయించే రేకు టాపు ఎండను ఆపుతుంది కానీ రెండున్నర టన్నుల బండి మీద పడితే కాగితంలా మడుచుకుపోతుంది. అసలు చట్రానికి ఫ్యాను కోసమో దేవుడి పటం కోసమో రంధ్రాలు వేయకండి, వెల్డింగు చేయించకండి. స్వీడన్‌లో 1959లోనే కొత్త ట్రాక్టర్లకు ఇలాంటి రక్షణ చట్రం తప్పనిసరి చేశారు, ఆ తర్వాత అక్కడ బోల్తా మరణాలు బాగా తగ్గాయి. కానీ చట్రం కాపాడేది లోపల కట్టుకుని కూర్చున్న మనిషినే. బెల్టు లేకపోతే మనిషి తలుపులోంచి విసిరివేయబడి, తనను కాపాడవలసిన చట్రం కిందే పడతాడు. క్యాబిన్ ఉంటే బెల్టు కట్టుకోవాలి, తలుపు మూయాలి, ఒరిగినప్పుడు దూకకూడదు.

క్యాబిన్ వల్ల వచ్చే ఇబ్బందులూ ఉన్నాయి. పైన బరువు పెరుగుతుంది కాబట్టి చక్రాల మధ్య దూరం మరింత ముఖ్యం. వంగిన మామిడి కొమ్మలు అద్దాలకు తగులుతాయి. పాత తోటల్లో కొన్ని సాళ్లలోకి క్యాబిన్ ట్రాక్టరు పట్టనే పట్టదు, కొనకముందే ఎత్తు కొలుచుకోండి. వెనక మనిషి కేక వేసినా వినబడదు. మందు కొట్టేటప్పుడు మామూలు ఫిల్టరు దుమ్మును ఆపుతుందే తప్ప మందు ఆవిరిని ఆపదు.

మూడేళ్ల క్రితం మా తోటలో అద్దె ట్రాక్టరు కాయ దింపుతోంది. క్రేటుకు 20 కిలోల లెక్కన 200 క్రేట్లు, అంటే 4 టన్నులు. ట్రాక్టరు బరువు అందులో సగం కంటే కాస్త ఎక్కువ. ట్రాలీకి బ్రేకులు లేవు. లోడు మీద ఎక్కబోయిన ఇద్దరు కూలీలను మా అమ్మ పట్టుబట్టి దింపేసింది. సగం దారిలో గేరు మార్చడానికి డ్రైవరు క్లచ్ తొక్కాడు. ఆ క్షణం నుంచి ఇంజను పట్టు పోయి ట్రాలీయే ట్రాక్టరును తోయడం మొదలుపెట్టింది. ట్రాలీ అడ్డం తిరిగి రాతి గట్టుకు గుద్దుకుని ఆగింది. ఆ గట్టు లేకపోతే ఆ కుర్రాడు ఈ రోజు ఉండేవాడు కాదు.

ఎక్కడానికి ఏ గేరు కావాలో అంతకంటే తక్కువ గేరులోనే దిగాలి. వాలు దిగడం మొదలుపెట్టకముందే పైన ఆగి ఆ గేరు వేసుకోవాలి, మధ్యలో మార్చకూడదు, క్లచ్ తొక్కకూడదు, డీజిలు ఆదాకని న్యూట్రల్ చేయకూడదు. రెండు బ్రేకు పెడళ్లను కలిపే కొక్కెం వేసి ఉండాలి, ఒక్కటే తొక్కితే బండి గిర్రున తిరుగుతుంది. వాలులో ట్రాలీకి సగం లోడే వేయండి, ఇంకో తిరుగుడు తిరగండి. మొద్దు లాగేటప్పుడు గొలుసు ట్రాక్టరు వెనక కింద ఉండే లాగుడు కమ్మీకే (డ్రాబారుకే) కట్టాలి. పనిముట్టును పైన పట్టుకునే టాప్ లింక్ దగ్గర కడితే ముందు చక్రాలు లేచి బండి సెకనున్నర లోపే వెనక్కి తిరగబడగలదు. బ్రేకు తొక్కే సమయం కూడా దొరకదు.

కొనే ముందు డెమో మీ తోటలోనే, మీ లోడుతోనే అడగండి. ఎక్కించి చూపిస్తే చాలదు, దింపి చూపించమనండి. సగం దారిలో ఆపించి హ్యాండ్ బ్రేకు ఒక్కదాని మీద నిలుస్తుందో లేదో, చక్రాలకు కాస్త దిగువన జాగ్రత్తకు రాళ్లు అడ్డం పెట్టాకే చూడండి. కాదన్న డీలరు దగ్గర కొనవద్దు.

జూన్‌లో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ముందు బండ్ల వరస పెరుగుతుంది, ధర తగ్గుతుందేమోనన్న తొందరా పెరుగుతుంది. రాత్రి వాన పడితే మేము మర్నాడు మధ్యాహ్నం దాకా ట్రాలీని కదపం. దారి మీద మడమతో గట్టిగా రుద్ది చూస్తాం. మట్టి చెప్పుకు అంటుకుని కింద నేల నున్నగా మెరిస్తే ఆ రోజు కాయ చెట్టు మీదే ఉంటుంది.