సరుకుకి కాలం చెల్లుతోందని ముందే పసిగట్టడం ఎలా: ఒక చోకుల షెడ్డువాడి మాట

బాలానగర్‌లో ఇరవై ఏళ్లు ట్యూబ్‌లైట్ చోకులు, అంటే ట్యూబుకి పోయే కరెంటును అదుపులో పెట్టే రాగి తీగ చుట్టలు, చుట్టించాను. 2015లో కేంద్రం ఉజాలా పథకం వచ్చి, చోకు అక్కర్లేని ఎల్‌ఈడీ బల్బులు ఇళ్లకు చేరుతున్నప్పుడు కూడా "ట్యూబ్‌లైటు వెలుగు దీనికెక్కడిది" అని నవ్వాను. మీరు నవ్వకండి.

మొత్తం అమ్మకం చూసి మురిసిపోవద్దు. కొత్త ఇళ్లకు ఎన్ని పోతున్నాయి, కాలిపోయినవాటి బదులు ఎన్ని పోతున్నాయి, విడివిడిగా రాయండి. నా పుస్తకంలో మొత్తం బాగానే ఉండేది. కొత్త ఇళ్ల ఆర్డర్లు మాత్రం ఎప్పుడో ఆగిపోయాయి. ఈ సంగతి షాపువాడు చెప్పడు. వైరింగ్ చేసే కుర్రాడికి టీ ఇప్పించి అడగండి.

తర్వాత, మీ బలం సరుకులో ఉందా, పనితనంలో ఉందా తేల్చుకోండి. కెమెరా ఫిల్ముల సంస్థ కోడాక్‌లో ఇంజనీరు స్టీవ్ సాసన్ 1975లోనే డిజిటల్ కెమెరా తయారుచేశాడు. అయినా 2012లో ఆ సంస్థ దివాలా కోర్టు మెట్లెక్కింది. ఫిల్ముమీద లాభం అంత తీపి మరి! ఫ్యూజీఫిల్మ్ మాత్రం ఫిల్ముతో నేర్చిన విద్యను ఎల్‌సీడీ తెరల పొరలకూ, ముఖానికి రాసుకునే క్రీములకూ మళ్లించింది.

నాకొచ్చిన విద్య రాగి తీగ చుట్టడం. అదే వైండింగ్ మిషన్‌మీద బాబిన్ (తీగ చుట్టే చట్రం) మార్చి స్టెబిలైజర్ ట్రాన్స్‌ఫార్మర్లు మొదలుపెట్టాను. స్టాంపింగులు, అంటే చుట్ట మధ్యలో పెట్టే ఇనుప రేకులు, కొత్తవి కొన్నాను; చుట్టలు ముంచే వార్నిష్ తొట్టి పాతదే.

పాత స్టాకు మాత్రం దాచకండి. నా చోకులు చివరికి తుక్కు కొట్టుకు తూకానికి పోయాయి. అందులోనూ వార్నిష్ అంటిందని తరుగు తీశాడు.