సెలవుల్లో సేవకు వెళ్తున్నారా? ముందు ఊరిని అడగండి

సెమిస్టర్ పరీక్షలు అయిపోయాయి, పది రోజులు సెలవులు. బెజవాడలోనో గుంటూరులోనో చదివే మీరు పదిమందీ కలిసి ఏదైనా పల్లెకు వెళ్లి పనికొచ్చే పని చేద్దామనుకున్నారా? చాలా మంచి ఆలోచన. అది మధ్యలో నీరుగారిపోకుండా ఏం చేయాలో నాకు తెలిసినంతలో చెప్తాను.

మొదట మీ కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) ప్రోగ్రామ్ ఆఫీసర్‌ను కలవండి. 1969లో మొదలైన ఈ పథకంలో వాలంటీర్లు ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లు సేవ చేస్తారు. ఏడు రోజుల స్పెషల్ క్యాంపు కూడా ఉంటుంది. కాలేజీ లెటర్ చేతిలో ఉంటే ఊళ్లో మాట చెల్లుతుంది, ఇంట్లో అమ్మానాన్నలకూ టెన్షన్ తగ్గుతుంది.

తర్వాత ఊరు. దూరం పోనక్కర్లేదు. గుంటూరు వాళ్లకు తాడికొండ, ప్రత్తిపాడు వైపు, బెజవాడ వాళ్లకు దివిసీమ వైపు బస్సెక్కి దిగే పల్లెలు బోలెడు. బయల్దేరడానికి రెండు వారాల ముందే ఇద్దరు వెళ్లి సర్పంచ్‌ను, హెడ్మాస్టర్‌ను, అంగన్‌వాడీ టీచర్‌ను, ఆశా కార్యకర్తను కలిసి రావాలి. అడగాల్సింది ఒక్కటే: "అమ్మా, మేం పదిమందిమి, వారం ఉంటాం. ఏ పని చేస్తే మీకు ఉపయోగం?"

ఈ ఒక్క ప్రశ్న అడగకపోతే ఏమవుతుందో నేను 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలప్పుడు చూశాను. మేం బెజవాడలో మునిగిన సింగ్‌నగర్‌కు పులిహోర పొట్లాలు పట్టుకెళ్లాం. మెయిన్ రోడ్డు మీద అప్పటికే పొట్లాలు పోగుపడి ఉన్నాయి. లోపలి సందులో ఒకావిడ, "తిండి వచ్చింది నాయనా, మంచినీళ్లు లేవు" అంది. నీళ్లు తీశాక ఆ ఇళ్లకు కావాల్సింది బురద ఎత్తిపోసే చేతులు. అప్పటికి మాలో చాలామంది ఇళ్లకు వెళ్లిపోయారు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఊరు చెప్పిన వాటిలో ఒక్క పనే ఒప్పుకోండి, దాన్ని పూర్తి చేయండి. బడికి రంగులే అనుకుందాం. పాత సున్నం పెచ్చులు ఇనుప రేకుతో గీకకుండా పైన రంగేస్తే కొన్నాళ్లకే ఊడి వస్తుంది. కాబట్టి మొదటి రోజంతా గీకుడూ దులుపుడే. మూతికి గుడ్డ కట్టుకోండి. గోడ చెమ్మగా ఉంటే ఆరేదాకా ఆగండి. నల్లబల్లకు రెండు కోటింగులు వేసి బాగా ఆరనిచ్చాక, సుద్దముక్కను అడ్డంగా పట్టుకుని బల్లంతా రుద్ది తుడవండి. అప్పుడే అక్షరం బాగా పడుతుంది, తేలిగ్గా చెరుగుతుంది.

బస ఎక్కడో, ఆడపిల్లలకు బాత్రూమ్ ఎలా ఉందో ముందే కళ్లారా చూసుకోండి. వంట మీరే చేసుకోండి. ఇళ్లవాళ్లు ప్రేమగా పిలుస్తారు, ఒక పూట తినండి, రోజూ భారం కావద్దు. ఖర్చులు ఒక పుస్తకంలో రాయాలి.

మే నెలలో వెళ్తే పని తెల్లవారుజామునే మొదలుపెట్టి పదింటికి ఆపేయండి. మన ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు దగ్గరుండాలి, ఏదైనా జరిగితే 108కి ఫోన్ చేయాలి. మొక్కలు నాటడం మాత్రం తొలకరి పడ్డాకే పెట్టుకోండి. ఇంకో మాట, గట్టిగా చెప్తున్నాను: సరదాకైనా కృష్ణలోకి, కాలవల్లోకి ఈతకు దిగొద్దు. పైకి నిదానంగా కనిపించే నీరే లోపల లాగేస్తుంది.

ఆఖరి రోజు మిగిలిన రంగు డబ్బా మూత గట్టిగా బిగించి, దానిమీద కలర్ నంబరు రాసి, బ్రష్షులు కడిగి హెడ్మాస్టర్‌గారికి ఇవ్వండి. గోడ ఎక్కడైనా చెడితే వాళ్లే సరిచేసుకుంటారు. వచ్చే సెలవుల్లో ఏ పని చేయాలో కూడా అక్కడే, అప్పుడే అడిగి రండి.